వాడికి అన్నీ వినిపిస్తున్నాయి

(నర్సింగ్ విద్యార్థుల సమావేశంలో ఒక పేషెంట్ అక్కగారు మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసినవి)

అందరికీ నమస్కారమమ్మా. మైకు వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే. మీ ప్రిన్సిపల్ మేడమ్ గారు ఫోన్ చేసి, జబ్బు గురించి డాక్టర్లు చెప్తారు, డ్యూటీ గురించి మేం చెప్తాం, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి ఏం కనపడుతుందో, కోలుకోవడం ఎలా ఉంటుందో అది మీరొచ్చి చెప్పండి అన్నారు. అదే చెప్తాను. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను కాబట్టి మధ్యలో కాస్త పాఠంలాగా కూడా వస్తుంది, వినండి.

మా తమ్ముడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. అప్పటికి 37 ఏళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు, షుగర్ లేదు బీపీ లేదు, మంచి బలమైన మనిషి. ఓసారి విరోచనాలయ్యాయి, మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోయాయి, మళ్ళీ షెడ్డుకి వెళ్ళాడు. ఆ తర్వాత వారం పది రోజులకి అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నడుస్తుంటే కాలి చెప్పు ఊడి వెనక పడిపోయిందంట, వాడికి తెలీలేదు, మా మరదలు చూసి చెప్పింది. మర్నాడు మెట్లు ఎక్కలేకపోయాడు, ఆ మర్నాడు పొద్దున మంచం మీంచి లేవలేకపోయాడు, సాయంత్రానికి చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోయాడు. నొప్పి కాదు, జ్వరం కాదు, కింద నుంచి పైకి ఒక్కొక్కటీ ఆగిపోతూ వస్తోంది అంతే.

హాస్పిటల్లో డాక్టర్ గారు మోకాలి మీద సుత్తితో కొట్టి చూశారు, కాలు కదల్లేదు. తర్వాత ఒక పని చేయించారు, అది మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఆ ఒక్క ఊపిరితోనే ఒకటి రెండు మూడు అని ఎంతదాకా లెక్కపెట్టగలవో పెట్టు బాబూ అన్నారు. వాడు 22 దాకా చెప్పాడు. రెండు గంటలకోసారి వచ్చి చెప్పించారు. రాత్రికి 15, తెల్లవారేసరికి 9. ఆక్సిజన్ చూస్తే 97, అంతా బాగానే ఉన్నట్టు కనపడుతోంది, మాకైతే వేలికి క్లిప్పు పెట్టి చూపించే ఆ నంబరే ధైర్యం. కానీ డాక్టర్ గారు ఆ 9 వినగానే ఐసీయూకి మార్చేశారు. శ్వాస పీల్చే కండరాలు అలిసిపోతుంటే ఆక్సిజన్ నంబరు చివరిదాకా బాగానే ఉండి అప్పుడు ఒక్కసారిగా పడిపోతుందని తర్వాత చెప్పారు. మిషను లేదు ఖర్చు లేదు, అంకెలు లెక్కపెట్టించడం, అదే వాడి ప్రాణం కాపాడింది అని నేను నమ్ముతాను.

జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్, జీబీఎస్. 2025 మొదట్లో పుణేలో కేసులు 200 దాటినప్పుడు టీవీల్లో మోగిపోయింది కదా, అదే. 1916లో ఫ్రాన్సులో గులియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో చూసి రాశారు, మూడో ఆయన పేరు జనం వాడకంలో లేకుండా పోయింది పాపం. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. చాలామందిలో ముందు ఏదో ఇన్ఫెక్షన్ ఉంటుంది, విరోచనాలో జలుబో. ఆ క్రిమి మీద పోరాడటానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు, మన నరాల మీద కూడా అలాంటి పదార్థమే ఉండేసరికి, పొరపాటున దాని మీద పడతాయి. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, నరానికి మైలిన్ అట్లాంటిది, అది ఊడిపోతే కబురు కండరం దాకా చేరదు. మెదడు బాగానే ఉంటుంది. ఈ ఒక్క ముక్క పట్టుకోండి, నేను ఇవాళ చెప్పేదంతా దీని మీదే. మెదడు బాగానే ఉంటుంది, చెవులు బాగానే ఉంటాయి.

వాడికి ఐవీఐజీ, అంటే రక్తనాళంలోకి ఇచ్చే యాంటీబాడీల మందు, ఎక్కించారు. కేజీకి 2 గ్రాముల చొప్పున, ఐదు రోజులకి పంచి. 60 కేజీల మనిషికి 120 గ్రాములు, ఆ సీసాలన్నీ వరసగా పెడితే భయమేస్తుంది ఖర్చు తల్చుకుంటే. మా మరదలు గాజులు, నల్లపూసలు తాకట్టుకెళ్ళాయి. కానీ అది ఫ్యాక్టరీలో కలిపి చేసే మందు కాదమ్మా, వేలమంది ప్లాస్మా ఇస్తే అందులోంచి తీస్తారు. మా వాడి ఒంట్లోకి ముక్కూ మొహం తెలీని వేలమంది ఇచ్చింది వెళ్ళింది. ఆ తర్వాత మా ఇంట్లో రక్తమివ్వగలిగిన వాళ్ళందరం ఇస్తున్నాం, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడంటే, ఐదు రోజుల మందు అయిపోయింది, మేం ఆరో రోజు లేచి కూర్చుంటాడని ఎదురుచూస్తున్నాం. ఆరో రోజు వెంటిలేటర్ పెట్టారు. మొహం కూడా చచ్చుబడిపోయింది, కళ్ళు మూతపడవు, నవ్వలేడు ఏడవలేడు. మా అమ్మ ఆ మొహం చూసి వీడు మనల్ని గుర్తుపట్టట్లేదే అని గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఈ జబ్బు రెండు వారాలు, ఒక్కోసారి నాలుగు వారాల దాకా ముదిరి, తర్వాత అక్కడే ఆగుతుందంట, ఆగినచోట కొన్ని రోజులు కొన్ని వారాలు అలాగే ఉండి అప్పుడు తిరుగుముఖం పడుతుందంట. డాక్టర్ గారు మొదటిరోజే చెప్పారు, మందు ముదరకుండా ఆపుతుంది, బాగుచేసుకోవాల్సింది ఒళ్ళే అని. అయినా రోజూ రౌండ్స్‌లో "స్టేటస్ కో" అన్నమాట వింటుంటే గుండె జారిపోయేది. మార్పు లేదు అన్న మాట మంచి కబురని మాకు అలవాటు కావడానికి చాలా టైమ్ పట్టింది.

ఆ రోజుల్లో వాడి మంచం చుట్టూ జరిగింది చెప్తాను, ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. వాడు కదలట్లేదు కాబట్టి వాడు లేనట్టే అందరూ మాట్లాడేవాళ్ళు. పక్కబెడ్ పెద్దాయన రాత్రి పోయిన సంగతి వాడి తలమీదుగా చెప్పుకున్నారు. "ఇలాంటివి నెలల తరబడి సాగుతాయి, ఇంట్లోవాళ్ళు అమ్ముకోవాల్సిందే" అని ఒకతను అన్నాడు. వాడు కళ్ళు కూడా మూసుకోలేడు కదా, టేపు వేసి ఉన్నాయి. అన్నీ విన్నాడు. తర్వాత మాట వచ్చాక ఆ మాటలు తేదీలతో సహా చెప్పాడు మాకు.

అదే ఐసీయూలో ఇంకొక సిస్టర్ ఉండేది, కేరళ అమ్మాయి, తెలుగు అంతంతమాత్రం. ఆమె డ్యూటీకి రాగానే ముందు వాడి కళ్ళ ఎదురుగా వచ్చి నిలబడేది, పక్కన కాదు ఎదురుగా. "అన్నా, ఈరోజు గురువారం, టైమ్ ఏడున్నర, బయట వాన. ఇప్పుడు సక్షన్ చేస్తాను, దగ్గు వస్తుంది, పది సెకన్లు" అని చెప్పి, కఫం లాగేసే ట్యూబు లోపల పెట్టాక పైకి లెక్కపెట్టేది, పదికి తీసేసేది. ఎప్పుడూ పదకొండు అనలేదు. మా తమ్ముడు అంటాడు, సక్షన్ అంటే నీళ్ళలో ముంచినట్టుంటుంది అక్కా, కానీ ఆ సిస్టర్ చేస్తే అది ఎప్పుడు ఆగుతుందో నాకు తెలుసు అని. ఈ జబ్బులో సక్షన్ అప్పుడు గుండె వేగం ఠక్కున పడిపోవచ్చు, మానిటర్ మీద ఓ కన్నేసి ఉంచాలి, మీకు క్లాసులో చెప్పే ఉంటారు.

వాడితో మాట్లాడటం ఎట్లా? సినిమాల్లో చూపిస్తారు, ఒకసారి కన్ను కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు అని. మా వాడికి రెప్పలే పడవు. కానీ కనుగుడ్లు తిరుగుతున్నాయి, అది ఫిజియో సార్ కనిపెట్టారు. పైకి చూస్తే అవును, పక్కకి చూస్తే కాదు. అక్షరాల చార్ట్ పెడదామంటే మన గుణింతాలు వత్తులతో ఒక్కో మాటకి అరగంట పడుతోంది, వాడికి నీరసం. అందుకని అట్ట మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా మాటలే రాశాం. దాహం, నొప్పి, కఫం, తిప్పండి, చలి, ఉక్క, కళ్ళు మండుతున్నాయి, దోమ. దోమ ఎందుకంటారా, మొహం మీద దోమ వాలి కుడుతుంటే తోలుకోలేని మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. ఒకరోజు వరసగా ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపిస్తుంటే అన్నిటికీ పక్కకే చూస్తున్నాడు, ఏదీ కాదు, కళ్ళవెంట నీళ్ళు. మా మరదలు ఒక్కత్తే పట్టుకుంది. పిల్లలా అని అడిగింది. పైకి చూశాడు. పెద్దదాని పరీక్షలా? పైకి చూశాడు. ఫీజు కట్టేశాం, హాల్‌టికెట్ వచ్చింది అని చెప్పాక ఆ రోజు నిద్రపోయాడు. అట్ట మీద "పిల్లలు" అని అప్పుడు రాశాం, మొదట రాయాల్సిన మాట అది.

కోలుకోవడం గురించి చెప్పమన్నారు కదా. కోలుకోవడం అంటే చుట్టాలు అనుకునేది లేచి నడవడం. హాస్పిటల్లో దానికి లెక్క వేరే ఉంది. కండరం బలాన్ని 0 నుంచి 5 దాకా చూస్తారు. ఏమీ కదలకపోతే 0. కదలిక లేదు గానీ చర్మం కింద కండరం చిన్నగా అదిరితే 1. పరుపు మీద పక్కకి జరపగలిగితే 2. గాల్లోకి ఎత్తగలిగితే 3. మనం అడ్డుపెట్టినా ఎత్తితే 4, మామూలు మనిషి 5. ఫిజియో సార్ ఒక మధ్యాహ్నం వాడి కుడి బొటనవేలు మొదట్లో తన వేలు ఆనించి, వంచు వంచు అంటున్నారు, నాకేం కనపడలా. ఆయన నా వేలు తీసుకెళ్ళి అక్కడ పెట్టించారు. చర్మం కింద చిన్న చేపపిల్ల మెదిలినట్టు ఒక అదురు. "0 కాదు మేడమ్, 1" అన్నారు. అంతే కాదు, వెంటనే వాడి ఎదురుగా వెళ్ళి వాడికి చెప్పారు, "నీకు తెలీకపోవచ్చు, నీ బొటనవేలు ఒకటికొచ్చింది" అని. వాడికి నిజంగానే తెలీదు! తన ఒంట్లో ఏం తిరిగొస్తోందో పేషెంట్‌కి తెలీదమ్మా, బయట నుంచి ఎవరో ఒకరు చెప్తేనే తెలుస్తుంది. ఆ రోజు నుంచి మా ఫోన్ల కబుర్లు మారిపోయాయి. ఊళ్ళో పెదనాన్న ఎలా ఉన్నాడే అంటే, భుజం రెండు, మోచెయ్యి రెండు, వేళ్ళు ఒకటి అని చెప్పేది మా అమ్మ. చదువు రాని మనిషి, గోడకి క్యాలెండర్ మీద ఆ అంకెలు గీతలు పెట్టించుకునేది.

ఎందుకంత నెమ్మది అంటే, నరం మీద తొడుగు ఒక్కటే పోతే వారాల్లోనో నెలల్లోనో మళ్ళీ కట్టుకుంటుంది. లోపలి తీగే దెబ్బతింటే అది రోజుకి సుమారు 1 మిల్లీమీటర్ చొప్పున పెరుగుతుంది. నడుం దగ్గర నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే లెక్కేసుకోండి. అందుకే పాదాలు అన్నిటికన్నా ఆఖర్న వస్తాయి. ఎంత పూజ చేసినా ఎంత డబ్బు పెట్టినా ఆ మిల్లీమీటర్ రెండు మిల్లీమీటర్లు కాదు. ఈలోగా మనం చేయగలిగిందల్లా, నరం వచ్చేసరికి కీళ్ళు బిగుసుకుపోకుండా, మడమల దగ్గర పుండు పడకుండా, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా, పాదం కిందకి వేలాడకుండా ఆ ఒంటిని కాపాడి ఉంచడం. రెండు గంటలకోసారి తిప్పడం ఉంది చూశారూ, చాలామంది అది ఆయమ్మ పని, వార్డ్ బాయ్ పని అనుకుంటారు. మా ఇంటికి నడిచొచ్చిన మనిషి ఆ తిప్పడం వల్లే నడిచొచ్చాడు. ఒక్క బెడ్ సోర్ లేదు వాడికి.

వెంటిలేటర్ తీయడం కూడా ఒక్కరోజు పని కాదు. గొంతు దగ్గర ట్రకియాస్టమీ చేశారు, అంటే అక్కడ రంధ్రం పెట్టి ఊపిరి గొట్టం అమర్చారు, మా అమ్మ గొంతు కోశారని ఏడ్చింది, కానీ నోట్లో గొట్టం తీసేశాక వాడి మొహమే తేలికపడింది. తర్వాత టీ పీస్ అనే చిన్న గొట్టం పెట్టి మిషను లేకుండా కాసేపు వదిలేవాళ్ళు, ముందు ఐదు నిమిషాలు, తర్వాత అరగంట, తర్వాత పగలంతా, రాత్రికి మళ్ళీ మిషను. మధ్యలో ఒకసారి న్యుమోనియా వచ్చి పగలంతా వదిలే స్థితి నుంచి మళ్ళీ మొదటికొచ్చాం. అప్పుడు మా అందరికన్నా వాడే ఎక్కువ కుంగిపోయాడు, రెండ్రోజులు అట్ట వైపే చూడలేదు. కేరళ సిస్టర్ వచ్చి ఊపిరితిత్తి వెనక్కి వెళ్ళింది గానీ చేతులు వెనక్కి వెళ్ళలేదన్నా, చూడు అని వాడి చెయ్యి ఎత్తించి వాడికే చూపించింది.

వెంటిలేటర్ అనగానే గుర్తొచ్చింది, మీకిది తప్పక చెప్పాలి. 1952లో డెన్మార్క్‌లో కోపెన్‌హేగెన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు పడిపోయిన పిల్లలు వరసగా వస్తున్నారు, మిషన్లు చూస్తే వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, గొంతులో గొట్టం పెట్టి రబ్బరు బ్యాగు చేత్తో నొక్కి ఊపిరి ఇవ్వొచ్చని ఒక 12 ఏళ్ళ పిల్ల మీద చేసి చూపించాడు. నొక్కేదెవరు? స్టూడెంట్లు. సుమారు 1500 మంది మెడికల్ స్టూడెంట్లు వంతులవారీగా రాత్రింబవళ్ళు, నెలల తరబడి పిల్లల పక్కన కూర్చుని చేత్తో ఊపిరి పోశారు. ఐసీయూ అనేది అక్కడి నుంచి పుట్టింది. మీ వయసు పిల్లలే వాళ్ళు.

మాట గురించి. గొంతు గొట్టం ఉన్నంతకాలం గాలి స్వరపేటికకి వెళ్ళదు కాబట్టి మాట రాదు. ఆ గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగ దింపి వాల్వ్ పెట్టినరోజు, మాట్లాడు అన్నారు. వాడు నోరు తెరిచాడు, ముందు గరగరమని గాలి, తర్వాత "అక్కా, అమ్మ తిన్నదా" అన్నాడు. అన్ని వారాల తర్వాత మొదటి మాట. మా అమ్మ బయట వరండాలో టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని నిద్రపోతోంది అప్పుడు, లేపి తీసుకొచ్చాం.

తిండి కూడా అంతే, ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబులో రాగిజావ, గుడ్డు మిక్సీలో వేసి వడకట్టినది నుంచి, ఒక చెంచా గడ్డపెరుగు దాకా రావడానికి చాలా కాలం పట్టింది. నీళ్ళే అన్నిటికన్నా కష్టం, పల్చగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. చుట్టాలు ప్రేమకొద్దీ దొంగతనంగా కొబ్బరినీళ్ళు పోస్తారు, మీరు కనిపెట్టుకుని ఉండాలి, కోప్పడకుండా ఎందుకు కూడదో చెప్తే వింటారు.

ఇంకొకటి. ఐసీయూలో పగలూ రాత్రీ లైట్లే కదా, వాడికి మంచం కింద నీళ్ళు వస్తున్నట్టు, పిల్లలు అందులో నిలబడ్డట్టు కనపడేదంట. పిచ్చి పట్టిందని మా మరదలు హడలిపోయింది. అది డెలీరియం అని, చాలామందికి వస్తుందని, పోతుందని చెప్పారు. గోడ గడియారం కనపడేలా మంచం తిప్పడం, రాత్రి లైటు తగ్గించడం, రోజూ ఇవాళ ఏ వారమో చెప్పడం, ఇంట్లోవాళ్ళని కాసేపు కూర్చోనివ్వడం, వీటితో చాలా తగ్గింది. నొప్పులు కూడా బాగా ఉంటాయి, కదలని కాలికి నొప్పేంటి అనకండి, దుప్పటి తగిలితే మంటపుట్టేది వాడికి.

టైమ్ అయిపోతోందంటున్నారు. ఆ చివరి అమ్మాయి ఏదో అడుగుతోంది, అడుగమ్మా. మళ్ళీ వస్తుందా అనా? నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి తిరిగి రావచ్చని డాక్టర్లు చెప్పారు, మిగతావాళ్ళకి రాదు. చాలామంది, నూటికి ఎనభై మంది దాకా, ఆరు నెలలకి సాయం లేకుండా నడుస్తారు. మా వాడికి అంతకన్నా ఎక్కువే పట్టింది, ముందు టిల్ట్ టేబుల్ మీద కట్టి నిలబెట్టారు, బీపీ పడిపోయేది, తర్వాత వాకరు, తర్వాత చంకకర్ర.

ఇప్పుడా? ఇప్పుడు పొద్దున పూట షెడ్డుకి వెళ్తున్నాడు. ఎడమ పాదానికి స్ప్లింట్ ఉంది, మధ్యాహ్నానికి అలిసిపోతాడు, ఆ అలసట ఏళ్ళపాటు ఉంటుందంటున్నారు. పెద్ద బోల్టులు స్పానరుతో విప్పుతాడు, చిన్న నట్లు మాత్రం కుర్రాడితో పెట్టిస్తాడు, వేళ్ళు ఇంకా నాలుగులోనే ఉన్నాయి. ఇంకెవరైనా అడుగుతారా అమ్మా?